చిన్నయసూరి చూపిన వేకువ

పరవస్తు చిన్నయసూరి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా ఉండెను. ఆ కాలమున బాలురు పద్యములనే వల్లె వేయుచుండిరి. వారికి తగిన వచనగ్రంథములు అరుదు. ఆ కొరత తీర్ప నెంచి ఆయన 1853లో నీతిచంద్రికను వెలువరించెను.

అందలి మిత్రలాభకథ గోదావరీతీరమున ఒక బూరుగుచెట్టుకడ ఆరంభమగును. వేకువను కాకి మేలుకొని చూడగా వేటకాడు వచ్చుచుండును. సూరి వానిని యమునితో పోల్చెను. వల ఇంకను పన్నలేదు, పక్షి ఒక్కటియు చిక్కలేదు. అయినను ఆ ఒక్క ఉపమచే ప్రశాంతమైన ప్రభాతము భయంకరమగును. అలంకారలక్షణములు ఎన్ని వల్లించినను బాలునకు ఇంత తెలియునా? ఆ గ్రాంథికభాష మాత్రము నేటివారికి కొంత కఠినమే.

1858లో ఆయన బాలవ్యాకరణము వెలసెను. నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములు మాత్రమే పూర్తియయ్యెను. తక్కిన విగ్రహ సంధులను తరువాత కందుకూరి వీరేశలింగము వ్రాసెను.