అవధాన క్రీడా నిపుణుడు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి

ఏ ఆటకైనా ప్రాణం దాని నియమాలలో ఉంటుంది. తెలుగువారికి పరిచితమైన పులిజూదాన్నే గమనించండి. అందులో పులులు 3, మేకలు 15. పులికి మేకను దాటి చంపే బలం ఉంది. మేకలకు గుమిగూడి పులిని కదలనీయకుండా బంధించే ఉపాయం ఉంది. ఒక పక్షానికి బలాన్నీ, మరొక పక్షానికి సంఖ్యనూ ఇచ్చి సమతూకం కుదర్చడమే క్రీడా రూపకల్పనకు మూలసూత్రం. ఇటువంటి సమతూకంతో తెలుగువారు తీర్చిదిద్దుకొన్న సాహితీక్రీడ అవధానం. దానిని రాజాస్థానాలలోనూ, ప్రజల మధ్యనూ సమానంగా ప్రకాశింపజేసిన జంటకవులు తిరుపతి వేంకటకవులు. వారిలో ఒకరు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి.

వేంకటశాస్త్రి 1870 ఆగస్టు 8న తూర్పు గోదావరి మండలంలోని కడియంలో జన్మించారు. పేదరికం ఆయన విద్యాతృష్ణను అణచలేకపోయింది. కాశీలో చదువుకోవాలన్న కోరిక బలపడినప్పుడు, అష్టావధానం చేసి ప్రయాణానికి కావలసిన ధనాన్ని సమకూర్చుకొన్నారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద వ్యాకరణం అభ్యసించే కాలంలో దివాకర్ల తిరుపతిశాస్త్రి ఆయనకు సహాధ్యాయి అయ్యారు. వారి మధ్య మొదట పోటీ ఉండేది. క్రమంగా అది విడదీయరాని మైత్రిగా పరిణమించింది. 1891 ప్రాంతంలో కాకినాడలో చేసిన శతావధానంతో ఆ జంట పేరు ఆంధ్రదేశమంతటా మారుమ్రోగింది.

వారికి ముందే మాడభూషి వేంకటాచార్యులు వంటి ఉద్దండులు అవధానాలు చేశారు. పూర్వుల మార్గాన్ని ఈ కవులు శ్రద్ధగా అధ్యయనం చేశారు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. సమస్య ఇచ్చేవారు అర్థం పొసగనట్లు తోచే పాదాన్ని ఇస్తారు. దానికి అర్థవంతమైన పూరణ చెప్పాలి. దత్తపదిలో నాలుగు పదాలను ఇచ్చి, వాటిని పద్యంలో పొదగమంటారు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కొక్క అక్షరం చెబుతుండగా తరువాత రాకూడని అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. నడుమ ఒకరు గంట మ్రోగిస్తారు, ఆ మ్రోతలను లెక్కించాలి. మరొకరు అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రతను చెదరగొట్టజూస్తారు. చదరంగం ఆడే అంశం కూడా కొన్ని అవధానాలలో ఉండేది.

ఇన్ని అడ్డంకులున్నా ఈ క్రీడ అవధానికి అన్యాయం చేయదు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చొప్పున పద్యాన్ని నాలుగు విడతలుగా చెప్పే వెసులుబాటు ఉంది. ఆ విరామమే మరొక పరీక్ష కూడా. ఇతరుల ప్రశ్నల నడుమ విడిచిన పద్యాన్ని అదే ఛందస్సులో, అదే భావంతో అందుకోవాలి. చివరకు అన్ని పద్యాలనూ వరుసగా అప్పగించాలి. దీనినే ధారణ అంటారు. శతావధానంలో పృచ్ఛకుల సంఖ్య నూరు. పృచ్ఛకుడు కూడా నియమబద్ధుడే. పూరణకు వీలులేని సమస్య ఇస్తే క్రీడ అక్కడే ఆగిపోతుంది.

ఆటకు పణం తోడైతే ఉత్కంఠ పెరుగుతుంది. తిరుపతి వేంకటకవులు పెట్టిన పణం వారి మీసాలు! పండితులకు మీసాలేమిటని ఆక్షేపించినవారికి, సంస్కృతాంధ్రాలలో తమను గెలిచినవారు ఎదురైతే వాటిని తీసివేసి నమస్కరిస్తామని వారు సవాలు చేశారు. సభలో తడబడితే కీర్తి అంతా ఒక్కక్షణంలో పోతుందని తెలిసే గద్వాల, ఆత్మకూరు, వనపర్తి వంటి సంస్థానాలలో పాండిత్యాన్ని పరీక్షకు నిలిపారు. వాడుకకు దగ్గరైన సరళమైన ధారతో పద్యం చెప్పడంవల్ల సామాన్యులు కూడా వారి సభలకు తరలివచ్చారు.

రచన ఎవరిదైనా ఇద్దరి పేరుతోనే వెలువడాలన్నది ఆ జంట తమకు తాము విధించుకొన్న నియమం. 1920లో తిరుపతిశాస్త్రి అకాలమరణం చెందారు. ఆ తరువాత మూడు దశాబ్దాలు జీవించిన వేంకటశాస్త్రి తాను ఒంటరిగా వ్రాసిన కృతులను కూడా జంట పేరుతోనే ప్రకటించారు. అడిగేవారు లేనప్పుడు కూడా నియమం తప్పకపోవడమే ఆయన ఔన్నత్యం.

బందరు హిందూ ఉన్నత పాఠశాలలో ఆయన తెలుగు బోధించారు. విశ్వనాథ సత్యనారాయణ, వేటూరి ప్రభాకరశాస్త్రి, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు వంటివారు ఆయన శిష్యులు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయనను తొలి ఆస్థానకవిగా గౌరవించింది. 1950లో ఆయన పరమపదించారు.

నేటి యువతరం తెరమీద ఆడే ఆటలను రూపొందించేవారు కూడా ఈ మూలసూత్రాలనే నేర్చుకోవలసి ఉంటుంది. అడ్డంకి కఠినంగా ఉండాలి, కాని అసాధ్యం కాకూడదు. ఇరుపక్షాలూ నియమానికి లోబడాలి. ఓడిపోయే అవకాశం ఉన్నప్పుడే గెలుపుకు విలువ. ఈ సూత్రాలను పద్యంతో నిరూపించి, స్నేహంలోనూ పాటించిన ధన్యజీవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి.