కప్పలకు లాగులు తొడిగిన గురువు

తొలకరి వాన కురిసిన రాత్రి చెరువు గట్టున కప్పల బెకబెకలు మీరు వినే ఉంటారు. అలా గొంతెత్తి అరిచేవి మగకప్పలు. అవి ఆడకప్పలను పిలుస్తున్నాయి. ఆ నీటిలో జీవం ఎలా మొదలవుతుందో పరీక్షించి చూపినవారు ఒక కతోలిక గురువు అని మీకు తెలుసా? ఆయన పేరు లజారో స్పల్లంజాని.

ఇటలీ దేశంలోని స్కాండియానోలో ఆయన 1729లో జన్మించారు. తండ్రి న్యాయవాది. కుమారుడు కూడా న్యాయశాస్త్రం చదవడానికి బొలోన్యా నగరం వెళ్ళాడు. అయితే అక్కడి విశ్వవిద్యాలయంలో బోధించే లారా బస్సి అనే బంధువు ప్రోత్సాహంతో ఆయన మనసు ప్రకృతి శాస్త్రంవైపు మళ్ళింది. తరువాత గురుపట్టం పొందారు. 1769 నుండి తుదిశ్వాస వరకు పావియా విశ్వవిద్యాలయ ఆచార్యులుగా ఉన్నారు.

నీటిలోను, నేలమీద కూడా బ్రతికే ఉభయచరాలంటే ఆయనకు ఎంతో ఆసక్తి. బల్లిని పోలిన సాలమాండరుకు తోక, కాళ్ళు తెగిపోయినా ఎముకలతో సహా తిరిగి మొలుస్తాయని 1768లో ప్రకటించారు.

ఇక కప్పల సంగతి. ఏ ప్రాణిలోనైనా ఫలదీకరణ తల్లి శరీరం లోపలే జరుగుతుందని లిన్నేయస్ వంటి పండితులే నమ్మిన కాలమది. మగకప్ప ఆడకప్ప వీపునెక్కి ముందుకాళ్ళతో బిగించి పట్టుకుంటుంది. ఆమె నీటిలో గుడ్లు విడిచేదాకా వదలదు. స్పల్లంజాని మైనం పూసిన పట్టుగుడ్డతో చిన్న లాగులు కుట్టించి మగకప్పలకు తొడిగారు. లాగులున్నా అవి జతకట్టడం మానలేదు. కాని ఆ గుడ్లు కుళ్ళిపోయాయి. లాగుల్లో చిక్కిన చుక్కలను తీసి వేరే గుడ్లకు తాకించగా వాటినుండి తోకకప్పలు పుట్టాయి! తండ్రి పాత్ర లేనిదే గుడ్డు పిల్ల కాదనీ, కప్పలలో అది తల్లి శరీరం వెలుపలే జరుగుతుందనీ తేలిపోయింది. ఇదే పద్ధతిలో ఒక ఆడకుక్కకు వీర్యం ఎక్కించగా 62 రోజులకు మూడు పిల్లలు పుట్టాయి. నేడు మన పల్లెల్లో పాడిపశువులకు చేసే కృత్రిమ గర్భధారణకు మూలం అక్కడే ఉంది.

అయితే ఇంతటి మేధావి కూడా ఒకచోట పొరబడ్డారు. వీర్యాన్ని కాగితంతో వడపోస్తే దాని శక్తి పోవడం ఆయన స్వయంగా చూశారు. కాగితం మీద మిగిలినదానిని నీటిలో కలిపితే ఆ శక్తి మళ్ళీ కనిపించింది. అంటే అసలు పని చేసేవి అందులోని వీర్యకణాలే! కాని పిల్ల ముందుగానే గుడ్డులో అమరి ఉంటుందన్న పాత నమ్మకం ఆయనను వదలలేదు. కళ్ళెదుట ఉన్న సాక్ష్యాన్ని ఆయన గుర్తించలేకపోయారు. వీర్యకణం గుడ్డుతో కలవడాన్ని ఆస్కార్ హెర్ట్‌విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వివరించేసరికి 1876 వచ్చింది.

స్పల్లంజాని 1799లో కన్నుమూశారు. స్వగ్రామంలోని ఆయన విగ్రహం చేతిలో ఈనాటికీ ఒక కప్ప, ఒక భూతద్దం ఉన్నాయి.

తల్లిదండ్రులారా! ఈసారి వానలకు మీ పిల్లలు గుంట దగ్గర కూర్చుని కప్పగుడ్లను చూస్తుంటే కోప్పడకండి. మీరూ పక్కన కూర్చోండి. చూడడం నేర్పండి. చూసినదాన్ని ఒప్పుకోవడం కూడా నేర్పండి. ఆ రెండవది ఎంత కష్టమో ఈ గురువు జీవితమే చెబుతోంది.