కల్నల్ మెకంజీ, తుంగభద్ర గీత

ఓర్వకల్లు రాతిగుట్టలు దాటి కర్నూలు చేరువారికి తుంగభద్ర యెదురగును. 1800లో నైజాము దత్తమండలములను కుంపిణీకి వదలుకొనగా ఈ నది సరిహద్దు గీతయయ్యెను. ఆ మండలముల కొలత కాలిన్ మెకంజీ పర్యవేక్షణమున సాగెను. ఆయన 1754లో స్కాట్లండు చెంత లూయిస్ ద్వీపమున జన్మించి, 1783లో మద్రాసు చేరి, 1815లో హిందూదేశ సర్వేయరు జనరలై, 1821లో గతించెను.

కొలత పాలకుల యవసరము. అయినను పటము నదిని చూపునుగాని, చెరువును త్రవ్విన వానిని, గుడిని నిలిపిన వానిని చూపదు. ఆ కొరతను గ్రామ కైఫీయతులు తీర్చినవి. ఆ సేకరణకు కావలి బొర్రయ్య కుదురువేసెను. 1803లో ఆయన గతింపగా సోదరుడు లక్ష్మయ్య కొనసాగించెను. కరణముల కవిలెలు, వృద్ధుల వాక్కులు దానికాధారములు. సేకరణకు మెకంజీ పేరు నిలిచినది. శ్రమించిన తెలుగువారి పేర్లు మరుగుపడినవి.

నది నేడును ఆంధ్ర తెలంగాణములకు హద్దే. ప్రభుత్వములు మారినవి, ఇరుదరుల భాష మారలేదు. ఆ కైఫీయతులను చదువుట మన విధి.