గొరగనమూడి సన్యాసి – అణుశాస్త్రవేత్త

భీమవరం సమీపంలోని గొరగనమూడిలో 1896 డిసెంబరు 5న భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించారు. యవ్వనంలోనే ఇల్లు విడిచి, హిమాలయాల్లో యోగసాధన చేసి స్వామి జ్ఞానానంద అయ్యారు. యోగంపై ఉపన్యాసాలిచ్చేందుకు జర్మనీ వెళ్ళిన స్వామిని భౌతికశాస్త్రం ఆకర్షించింది. గురువుగా వెళ్ళినాయన నడివయసులో విద్యార్థిగా మారారు. ప్రేగ్‌లో ఎక్స్‌రేలపై పరిశోధించి డాక్టరేటు పొందారు. తర్వాత లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ వద్ద బీటా కిరణాలపై కృషి చేశారు. పరమాణు కేంద్రకం నుంచి వెలువడే ఈ ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో ఎంత వంగుతాయో చూసి వాటి శక్తిని లెక్కగడతారు.

స్వదేశం తిరిగివచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను తీర్చిదిద్దారు. 1969లో కన్నుమూశారు. విశాఖలోని ఆ పరిశోధనశాలకు ఆయన పేరే పెట్టారు. ఊరినీ, ఇంటినీ వదిలిన స్వామి చదువును మాత్రం వదలలేదు.