ఫ్రిట్యోఫ్ నాన్సెన్ మహాశయుడు

మా పాఠశాలలో పెద్ద తరగతుల విద్యార్థులు ఐక్యరాజ్య సమితిని పోలిన చర్చాసభ నొకదానిని నడుపుకొనగా చూచి మేము మిక్కిలి సంతోషించితిమి. ఒక్కొక్కరు ఒక్కొక్క దేశమునకు ప్రతినిధిగా నిలిచి కాందిశీకుల సమస్యను గూర్చి ప్రసంగించిరి. లెక్కలు చెప్పిరి, జాలి చూపిరి, తుదకు లోకమంతయు కరుణ వహింపవలెనని తీర్మానించి కరతాళధ్వనులతో ముగించిరి. కాని సరిహద్దున నిలిచియున్న ఒక్క మనుష్యునికి ఆ తీర్మానమువలన మరునాటి ఉదయమున ఏమి లభించునని ఎవ్వరును అడుగలేదు. అట్లు అడుగుట నేర్పకపోవుట ఉపాధ్యాయులమైన మా లోపమే. ఆ లోపమును కొంతయైన తీర్చుకొనుటకై, ఆ ప్రశ్నను పది సంవత్సరములు విడువక అడిగిన యొక మహాశయుని చరిత్రమును ఇచట వ్రాయుచున్నాము.

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1861వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన నార్వే దేశమున, నేడు ఓస్లో అని పిలువబడు నగరమునకు సమీపమున జన్మించెను. తండ్రి న్యాయవాది. కాళ్లకు పొడవైన చెక్కలు కట్టుకొని మంచుపై జారుచు పోవుట బాల్యముననే ఆయనకు అలవడెను. విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము నభ్యసించి, బెర్గెన్ పట్టణపు వస్తుప్రదర్శనశాలలో ఉద్యోగియై, నాడీమండలమును గూర్చి పరిశోధనలు చేసి, 1888లో డాక్టరు పట్టమును పొందెను.

ఆ యేడే ఆయన గ్రీన్‌లాండు ద్వీపమును అడ్డముగా దాటుటకు బయలుదేరెను. మంచుతో కప్పబడిన ఆ ద్వీపమును అంతకుముందు ఆ విధముగా దాటినవారు లేరు. పూర్వులు జనులు నివసించు పడమటి తీరమునుండి బయలుదేరి, కష్టము తోచినంతనే వెనుకకు మరలిరి. నాన్సెన్ అట్లుగాక నిర్జనమైన తూర్పు తీరమున దిగెను. ఆహారమైనను ఆశ్రయమైనను ముందుకు పోయినగాని దొరకదు. కావున వెనుకకు మరలు తలంపునకే తావు లేకుండెను. ఐదుగురు సహచరులతో ఆయన అక్టోబరు మొదటి దినములలో పడమటి తీరమును చేరెను. శీతకాలమంతయు అచటి ఎస్కిమోల నడుమ నివసించి వారి జీవనవిధానమును నేర్చుకొనెను.

పిమ్మట ఆయన ఉత్తర ధ్రువముపై దృష్టి నిలిపెను. సైబీరియా సమీపమున మంచులో నలిగి మునిగిన యొక ఓడ శకలములు కొన్ని సంవత్సరములకు గ్రీన్‌లాండు తీరమున కనబడెను. ధ్రువసముద్రపు మంచు ఒక ప్రవాహమువెంట కదలుచున్నదని ఆయన దీనినుండి ఊహించెను. మంచు ఒత్తినపుడు నలుగక పైకి లేచునట్లు గుండ్రని అడుగుగల ఫ్రామ్ అను ఓడను కట్టించి, 1893లో పండ్రెండుగురితో బయలుదేరి, దానిని కావలెననియే మంచులో చిక్కనిచ్చెను. అనుభవజ్ఞులు పలువురు ఇది వెఱ్ఱితనమనిరి. 1895 మార్చిలో ఓడను వీడి, జోహాన్సెన్ అను ఒక్క తోడుతో కుక్కలబండ్లపై సాగి, అంతవరకు మనుష్యుడెవ్వడును చేరని 86 డిగ్రీల 14 నిమిషముల ఉత్తర అక్షాంశమును చేరెను. ధ్రువము ఇంకను దూరముననే యుండెను. అయినను అచటినుండి మరలెను. రాళ్లతోను వాల్రస్ తోళ్లతోను కట్టుకొన్న గుడిసెలో శీతకాలము గడపి, 1896లో స్వదేశము చేరెను. బయలుదేరిన పదుమూవురును ప్రాణములతో మరలివచ్చిరి. కీర్తికొరకు ఒక్క ప్రాణమునైన బలియీయని ఈ జాగ్రత్తయే తరువాతి కార్యములకు పునాది యని మా యభిప్రాయము.

1905లో నార్వే యుద్ధము లేకుండ స్వీడనునుండి విడిపోయినపుడు ఆయన దేశమునకు తోడ్పడి, 1906 మొదలు 1908 వరకు లండనులో రాయబారిగా నుండెను. ఆ మీదట సముద్రశాస్త్రమునందు మునిగియుండగా మొదటి ప్రపంచయుద్ధము వచ్చి ముగిసెను.

1920లో నానాజాతి సమితి, యుద్ధఖైదీలను స్వస్థలములకు చేర్చు భారమును ఆయనపై నుంచెను. యుద్ధము ముగిసి ఏడాది దాటినను లక్షలాది సైనికులు సైబీరియాలోను ఇతర దేశములలోను చలికి, ఆకలికి, వ్యాధులకు లోనై మగ్గుచుండిరి. రష్యాలోని బోల్షెవిక్ ప్రభుత్వము సమితిని గుర్తింపలేదు గాని, నాన్సెనుతో మాటలాడుట కంగీకరించెను. 1922 నాటికి 4,27,886 మంది ఇండ్లకు చేరిరి.

1921లో రష్యాలోని వోల్గా ప్రాంతమున ఘోరక్షామము సంభవించెను. ఆ సెప్టెంబరులో జెనీవా సభలో ఆయన ప్రభుత్వములను ఋణ సహాయము కోరెను. ఇతర ఖండములలో ధాన్యము మిగులుచుండగా రష్యాలో కోట్లాది జనులు పస్తులుండుట అన్యాయమని వాదించెను. ఆ సహాయము బోల్షెవిక్ ప్రభుత్వమును బలపరచునను భయముచే సభ నిరాకరించెను. నాన్సెన్ ఓడిపోయెను, కాని ఊరకుండలేదు. క్షామప్రాంతమునకు స్వయముగా పోయి చూచి, ఛాయాచిత్రములతో దేశదేశములు తిరిగి, ప్రజలనుండి విరాళములు ప్రోగుచేసెను. అమెరికావారి సహాయసంఘము ఇంకను గొప్ప మొత్తమున అన్నదానము చేసెను. అయినను సుమారు ఏబది లక్షలమంది మరణించిరి. పాలకులపై కోపముచే ప్రజల నోటి అన్నము నాపవచ్చునా? ఈ ప్రశ్న నేటికిని తీరలేదు.

కాందిశీకుల కార్యమును కూడ 1921లోనే సమితి ఆయన కప్పగించెను. ఆ డిసెంబరులో సోవియట్ ప్రభుత్వము దేశము వీడిన రష్యనుల పౌరసత్వమును రద్దుచేసెను. 1942లో బర్మానుండి అడవుల గుండ కాలినడకన వచ్చిన భారతీయులలో తెలుగువారు అనేకులు. వారి కష్టములు అపారములే గాని, ప్రవేశించుటకు స్వదేశ మొకటి యుండెను. ఈ రష్యనులకు అదియును లేదు. కాగితము లేనిదే సరిహద్దు దాటరాదు. దాటనిదే పని దొరకదు. కావున నాన్సెన్ 1922 జులైలో జెనీవాలో ప్రభుత్వముల ప్రతినిధులను సమావేశపరచి, ఇట్టివారికి ఒక గుర్తింపుపత్ర మిచ్చుట కొప్పించెను. లోకము దానిని నాన్సెన్ పాస్‌పోర్టు అని పిలిచెను. అది పౌరసత్వము కాదు. పూర్ణమైన రక్షణయు కాదు. అయినను చేతబట్టుకొని మరునాడే చూపదగిన వస్తువు. 1924లో ఆర్మీనియనులకును ఇది లభించెను. క్రమముగా ఏబదికి పైగా ప్రభుత్వములు దీనిని అంగీకరించెను. సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ దీనిని పొందినవారే.

ఆయన చేసినదంతయు నిర్వివాదమని మేము చెప్పము. గ్రీకు తురుష్క యుద్ధానంతరము జనుల మార్పిడికి ఆయన తోడ్పడెను. 1923 జనవరి 30వ తేదీన లోజానులో కుదిరిన ఒడంబడికచే, సుమారు పండ్రెండు లక్షల క్రైస్తవులు గ్రీసునకును, సుమారు నాలుగు లక్షల ముస్లిములు టర్కీకిని చెందవలసినవారైరి. వారిలో అనేకులు అంతకుముందే ప్రాణభీతితో పారిపోయినవారు. తక్కినవారిని ఇష్టాయిష్టములు అడుగలేదు. మతమే గుర్తుగా పెట్టుకొనుటచే, తురుష్కభాష తప్ప వేరెరుగని క్రైస్తవులు సయితము గ్రీసునకు పోవలసివచ్చెను. ఇది రక్తపాతమును ఆపినదని కొందరు, ప్రజలను పెరికివేయుటకు చెడ్డ మాదిరి యైనదని కొందరు చెప్పుదురు. ఇరుపక్షములును వినదగినవే.

1922లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము లభింపగా ఆ ధనమును సహాయకార్యములకే వినియోగించెను. ఆర్మీనియనులను తమ నేలపై స్థిరపరచుటకు 1925లో ఒక ప్రణాళిక సిద్ధపరచి యేండ్ల తరబడి పోరాడినను, ప్రభుత్వములు ధన మీయలేదు. 1930 మే 13వ తేదీన ఆయన స్వగృహమున మరణించెను. ఆయన పేరిట నెలకొల్పబడిన కాందిశీకుల కార్యాలయమునకు 1938లో నోబెల్ శాంతి బహుమానము వచ్చెను. కాందిశీకులకు ప్రయాణపత్రము లీయవలెనను నియమము 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో చేరెను. మన భారతదేశము ఆ ఒడంబడికలో చేరలేదు. చేరవలెనా, వలదా యనునది మీ సభలో చర్చింపదగిన విషయమే.

విద్యార్థులారా! మరల మీరు ప్రతినిధులై నిలిచినపుడు లెక్కలు చెప్పుడు, వాదింపుడు. కాని చేయి ఎత్తి తీర్మానమును అంగీకరించుటకు ముందు, దీనివలన ఆ మనుష్యుని చేతికి రేపు ఏమి వచ్చునని ఒకరైనను లేచి అడుగుడు. ఏమియు రానియెడల తీర్మానమును దిద్దుడు. సభ మిమ్ము ఓడించినయెడల, జెనీవాలో ఓడిన నాన్సెన్ మరునాడు తన పనికి పోయెనని జ్ఞాపకముంచుకొనుడు.