కాటను దొర: సైనికుడు, గృహస్థుడు

గోదావరి కాలువల నీరు పారు పల్లెలలో కాటను దొర పేరెరుగనివారు అరుదు. కాని ఆయన జీవితమంతయు సైనికోద్యోగియే యనియు, కొలువు విడుచునాటికి జనరల్ పదవియందుండె ననియు నెరిగినవారు కొలదిమందియే. ఆయన కుటుంబవృత్తాంతము నెరిగినవా రంతకంటెను తక్కువ.

ఆర్థర్ కాటను 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండులో హెన్రీ కాల్వెలీ కాటనునకు పదునొకండుగురు కుమారులలో పదవవాడుగా జన్మించెను. అది సైనికుల వంశము. 1826లో భరతపురము కోటను లోబరచుకొన్న కాంబర్మియర్ ప్రభువు ఆయన పెదతండ్రి కుమారుడు. అన్న సిడ్నీ 1857 నాటి విప్లవసమయమున పెషావరులో సేనాధిపతి. సోదరుడు ఫ్రెడరిక్ కూడ చెన్నపురి ఇంజనీర్ల దళముననే పనిచేసెను.

ఆర్థర్ పదునైదవయేట అడిస్కాంబులోని కంపెనీవారి సైనిక పాఠశాలలో చేరి, 1821లో చెన్నపట్టణమునకు వచ్చెను. 1824లో మొదలైన ప్రథమ బర్మా యుద్ధమున కోటలపై దాడిచేయు దళములకు నాయకత్వము వహించెను. ఆ కాలమున చెరువులు, బాటలు, కాలువల పని సైనిక ఇంజనీర్ల చేతులలోనే యుండెడిది. అందువలననే బర్మానుండి తిరిగివచ్చిన యీ యోధుడు కావేరీతీరము చేరెను. కొల్లడము పాయ కావేరిజలమును లాగికొనుటచే తంజావూరు మాగాణము లెండిపోవుచుండగా, 1836లో ఆ పాయపై రెండు ఆనకట్టలు కట్టి వానిని రక్షించెను.

ఎండలలో సాగిన యీ శ్రమ ఆయన దేహమును కృశింపజేసెను. ఆరోగ్యముకొరకు సెలవుపై టాస్మేనియా ద్వీపమునకేగి, అచట 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను కన్యను వివాహమాడెను. మరుసటియేట కుమార్తె కలిగెను. ముప్పదియెనిమిదవయేట గృహస్థుడైన యాతడు భార్యాశిశువులతో సుఖముగ నెచటనైన నిలువవచ్చును. కాని తిరిగి కొలువునకే వచ్చెను.

1833 నాటి కరవు గోదావరిమండలమును గుల్లచేసియుండెను. నిండుగ పారు నదియొడ్డున జను లాకలిచే చచ్చుట కాటను సహింపలేకపోయెను. 1844, 1845 సంవత్సరములలో దొరతనమువారికి నివేదికలంపి, ఖర్చునకు వెనుకాడు కంపెనీవారిని, పెరుగు శిస్తు లెక్కలు చూపి యొప్పించెను. 1847లో పని యారంభమయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ ఆనకట్ట లేచెను. వీణెం వీరన్న వంటి తెలుగు ఉద్యోగులును, వేలకొలది కూలీలును చెమటోడ్చిరి. 1848లో కాటను ఆరోగ్యము మరల చెడెను. పనిని కెప్టెన్ ఆర్ కు అప్పగించి ఆస్ట్రేలియాకు పోయి, 1850లో తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ దినములలో ఎలిజబెత్ పుట్టింటికి దూరముగ, జ్వరములును వేసవియును బాధించు దేశమున సంసారము నీదెను. భర్త కీర్తిలో నామె సహనమునకు గల పాలును మనము మరువరాదు.

1861లో కాటనునకు సర్ బిరుదము లభించెను. ఇంగ్లండు చేరినపిదపను ఆయన విశ్రమింపలేదు. రైళ్లకంటె కాలువలే హిందూదేశమును కరవులనుండి కాపాడునని వాదించెను. 1878లో పార్లమెంటు సంఘము ఎదుట ఆ వాదము నెగ్గలేదు. అయినను ఆయన పట్టు విడువలేదు. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారవయేట, డార్కింగు పట్టణమున కన్నుమూసెను.

మరుసటియేడు ఆయన జీవితచరిత్ర వెలువడెను. దానిని వ్రాసినది కుమార్తెయే. నౌకాసేనాని సర్ జేమ్స్ హోప్ ను 1877లో పెండ్లాడి, నాలుగేండ్లకే వితంతువైన లేడీ హోప్ తండ్రికి చేసిన సేవ యిది.

పాత ఆనకట్ట స్థానమున 1982లో తెరచిన నూతన బారేజికిని కాటను పేరే పెట్టిరి. ఆ పేరు చదివినపుడెల్ల రెండుమార్లు చెడిన ఆరోగ్యముతోను తిరిగి పనికి వచ్చిన సైనికుని, ఆయనవెంట నడచిన ఇల్లాలిని, ఆయన కథను నిలిపిన కుమార్తెను కూడ స్మరించుట మనకు ధర్మము.