షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్

గ్రంథాలయములలో అట్టలు ముందుగా నలిగెడివి అపరాధపరిశోధక నవలలు. ఒకే నాయకునితో వరుసగా వెలువడు అట్టి గ్రంథములను పాఠకులు ఎంత శ్రద్ధతో చదువుదురనగా, రచయిత మఱచిన సంగతులను సైతము వారు మఱువరు. ఈ సత్యమును 40 సంవత్సరములు అనుభవించినవాడు, ఆంగ్లమున షెర్లాక్ హోమ్స్ కథలను రచించిన సర్ ఆర్థర్ కానన్ డాయిల్.

ఆయన 1859 మే 22వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి మద్యపానమునకు లోబడుటచే కుటుంబము ఇబ్బందులపాలయ్యెను. అయినను ఆయన వైద్యవిద్య నభ్యసించెను. రోగిని చూచినంతనే అతని వృత్తిని, నివాసమును చెప్పగల జోసెఫ్ బెల్ ఆయనకు గురువు. ఆ గురువు పోలికలతోనే పిమ్మట హోమ్స్ రూపొందెను. డాయిల్ 1882లో పోర్ట్స్‌మత్ పట్టణమున వైద్యవృత్తి ప్రారంభించెను. రోగులు తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో కథలు వ్రాసెను. హోమ్స్ తొలి నవల 1887లో అచ్చయ్యెను. సర్వహక్కులకును ఆయనకు ముట్టినది 25 పౌనులు మాత్రమే.

1891లో స్ట్రాండ్ మాసపత్రికకు వ్రాయునపుడు ఆయనకొక యోచన కలిగెను. ధారావాహికలో ఒక సంచిక తప్పినచో చదువరికి కథ తెగిపోవును. కావున కథ ఏ సంచిక కాసంచికలో ముగియవలెను. నాయకుడు మాత్రము మారరాదు. గ్రంథాలయమున మొదటి సంపుటము మఱొకరి యింట నున్నను, రెండవదానిని మనము హాయిగా చదువుకొనగలుగుట ఈ పద్ధతి ఫలమే.

కీర్తితోపాటు విసుగును వచ్చెను. చారిత్రక నవలలే తన గొప్ప రచనలని నమ్మిన డాయిల్, 1893లో హోమ్స్‌ను శత్రువగు మొరియార్టీతో కూడ స్విట్జర్లండు జలపాతమున పడవైచెను. పాఠకులు ఆగ్రహించి పత్రిక చందాలు మానుకొనిరి. కడకు 1903లో హోమ్స్ తిరిగివచ్చెను. అది అసంగతము కాలేదు; ఏలయనగా పాత కథలో మిత్రుడు డాక్టర్ వాట్సన్ ఆ పతనమును కన్నులార చూడలేదు. శవమును దొరకలేదు.

అన్ని ముడులును ఇట్లు కుదురలేదు. వాట్సన్‌కు యుద్ధమున తగిలిన గాయము తొలి నవలలో భుజమున నుండగా, రెండవ నవలలో కాలికి దిగినది. అతని పేరు జాన్; ఒక కథలో భార్య జేమ్స్ అని పిలిచినది. 1893 కథలో వాట్సన్ మొరియార్టీ పేరైన విననివాడు. అంతకు ముందు జరిగినట్లు 1914-15లో వ్రాసిన ‘ది వ్యాలీ ఆఫ్ ఫియర్’ నవలలో అతడే మొరియార్టీని చక్కగ నెఱుగును.

ఈ నవల గోదావరిఖని, రామగుండము ప్రాంతములవారు చదువదగినది. దాని ఉత్తరభాగము అమెరికాలోని బొగ్గుగనుల లోయలో జరుగును. పెన్సిల్వేనియా గనులలో 1870వ దశకమున మాలీ మగ్వైర్లు అను రహస్యసంఘముపై సాగిన విచారణలు దానికి ఆధారము. ఆ విచారణలు న్యాయముగ జరిగినవా యని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు.

ఇన్ని మఱచినవాడు అజాగ్రత్తపరుడా? కాడు. ఇంగ్లండులోని గ్రేట్ వైర్లీ అను బొగ్గుగనుల గ్రామమున, గనిలో పనిచేయు పొట్టిగుఱ్ఱమును గాయపఱచెనని 1903లో జార్జి ఎదల్జీ అను న్యాయవాదికి 7 సంవత్సరముల శిక్ష పడెను. అతని తండ్రి బొంబాయి పార్శీ కుటుంబమున పుట్టి క్రైస్తవ మతాచార్యుడైనవాడు. ఎదల్జీ పత్రికను కంటికి చేర్చి చదువుట డాయిల్ చూచెను. అంత మందదృష్టి కలవాడు చీకటిలో పొలములు దాటి ఆ పని చేయజాలడని 1907లో వ్యాసములు వ్రాసెను. ఆ యేడే ప్రభుత్వము ఆ నేరమునకు క్షమాపణ నొసగెను. కథలో గాయము తావును మఱచినవాడు, ఒక మనిషి మానము పోవునపుడు ఒక్క వివరమునైన విడువలేదు.

డాయిల్ 1930 జులై 7న మరణించెను. మిగిల్చినవి 4 నవలలు, 56 కథలు. 1934లో అమెరికాలోను, ఇంగ్లండులోను పాఠకులు సంఘములు స్థాపించి ఆయన పొరపాట్లకు సమాధానములు వెదకజొచ్చిరి. తేదీలు తప్పినను హోమ్స్ స్వభావము తప్పలేదు. నిరపరాధి పక్షమున నిలుచుట, కంటితో చూచినదానినే నమ్ముట, మిత్రుని విడువకుండుట ఎన్నడును మారలేదు. వరుస నవలలను కలిపి ఉంచు దారము అదియే.

మన భాషలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని సహాయకుడు రాజు పాఠకులకు ఇంటివారివలె పరిచితులగుటకును ఇదియే కారణము. రచయిత దారము నందించును. పూసలు చెదరకుండ వరుసగా అలమరలో నిలుపునది గ్రంథాలయము. తీసికొనిన సంపుటమును గడువులోపల తెచ్చి యిచ్చు చందాదారుడును ఆ పనిలో భాగస్వామియే.